నలుపు తెలుపుల లైన్‌మన్

సైదమ్మ ఆ ఫ్రేముని పాత తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని తెచ్చింది. క్రోసూరు బస్సు దిగి నేరుగా మా కొట్టుకే వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి. కౌంటరు మీద పెట్టి, "అద్దం మార్చాల," అంది.

తువ్వాలు విప్పి చూశాను. అద్దానికి పగులు లేదు, గీత లేదు. నేను వేసిన అద్దమే, నాకు తెలీదా?

"దీనికేమొచ్చింది వదినా? నిక్షేపంగా ఉంది గదా."

"మసకబారింది. సరిగ్గా చూడు."

"మసకబారింది అద్దం గాదు, నీ కళ్లు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సత్తెనపల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ. మా ఆయనకి నడుము పట్టేసినప్పటి నుంచి ఈ ఫ్రేముల కొట్టు నేనే చూస్తున్నాను, కోపం లేకపోతే ఈ బేరాలతో వేగలేం. ఆ రోజు పెళ్లివాళ్ల ఫ్రేములు ఎనిమిది కట్టాల్సినవి పడి ఉన్నాయి. సైదమ్మ మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది. సరే, లోపలి వైపు తుడిచిస్తే పోతుంది గదా అని, మేకులు పీకడానికి ఫ్రేముని బోర్లా తిప్పాను. వెనక అట్ట మీద లైన్‌మన్ రాత కనపడింది.

ఆయన పోయి అప్పటికి నెల దాటింది. పోయిన రోజు వెళ్లి చూశాను. పెద్దకర్మకి వెళ్లి అన్నం తిని వచ్చాను. రెండుసార్లూ ఏడుపు రాలేదు. ఆ బాల్‌పెన్ను రాత చూసేసరికి వచ్చింది. కొట్లో కూర్చుని ఈ ఏడుపేంటని లోపలికి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చాను.

ఆయన పేరు నేను రాయను. తీసిన ఏ ఫోటో కిందా ఆయన పేరు వేసుకోలేదు, ఇప్పుడు నేను వేస్తే ఒప్పుకోడు. నేను అన్నయ్యా అనేదాన్ని. క్రోసూరు చుట్టుపక్కల ఊళ్లల్లో అందరూ లైన్‌మన్ అనేవాళ్లు, ఎందుకంటే ఆయన చేసింది ఆ ఉద్యోగమే. పొలాల్లో కరెంటు స్తంభాలెక్కి, తెగిన తీగలు కట్టి, రిటైరయ్యాడు. రిటైరైనా చొక్కా జేబులో టెస్టరు పోలేదు. ఎవరింటికెళ్లినా ముందు తలెత్తి స్తంభం నుంచి ఇంట్లోకొచ్చే సర్వీసు వైరు చూసేవాడు, తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. మా కొట్లో స్విచ్చిబోర్డు వదులైందని నేను చెప్పకముందే స్క్రూలు బిగించి కూర్చున్న మనిషి.

ఫోటోలు ఎప్పటి నుంచి తీశాడో, ఎవరు నేర్పారో నాకు తెలీదు. అడిగితే, "స్తంభం మీద కూసుంటే చేను బాగా కనపడుద్ది అమ్మాయ్. దిగినాక ఎవురికి చెప్పినా అర్థం గాలా. అందుకని కెమెరా కొన్నా," అనేవాడు. అంతకు మించి చెప్పేది లేదన్నట్టు టీ సాసర్లో పోసుకుని ఊదుకునేవాడు.

తీసేవన్నీ కోతల ఫోటోలే. మిరప కోత, పత్తి తీత, కంది నూర్పిడి. అన్నీ నలుపూ తెలుపే. ఫోన్లో తీసి రంగు పీకేసే రకం కాదు, రీలు వేసి తీసే అసలు సిసలైనవి. ఆ రీళ్లు ఈ చుట్టుపక్కల దొరకవు, ఎక్కడి నుంచో పార్సిల్లో తెప్పించుకునేవాడు. ఇంట్లో స్నానాల గదికి ఉన్న వెంటిలేటరుకి గోతం పట్టా అడ్డం కట్టి, పట్టపగలే చీకటి చేసుకుని ఫోటోలు కడిగేవాడు. వాళ్లావిడ బయట నిలబడి తిట్టేది. "పొద్దున్నుంచి స్నానం లేదు నాకు, ఆ దరిద్రప్పనేందో పెరట్లో చేసుకోవచ్చుగా!" లోపల్నుంచి ఒకటే జవాబు: "తలుపు తియ్యబాక. తీస్తే కోటేసరరావు తోట మొత్తం పోద్ది."

పల్నాట్లో మిరపకాయని నలుపూ తెలుపులో తీయడమంటే, చూసినవాడల్లా నవ్వేవాడు. మనకి ఉన్న అందమే ఆ ఎరుపు. కళ్లం నిండా పరిచిన కాయని కొండ మీంచి చూసినా ఎర్రగా కనపడుతుంది. ఈయన ఫోటోలో అది బొగ్గు పోసినట్టు నల్లగా ఉండేది.

"ఎర్రటిది ఎవుడైనా చూస్తాడు," అనేవాడు. "రంగుంటే కాయలు కనపడతయ్, మనుషులు కనపడరు. రంగు తీసెయ్, అప్పుడు కనపడతారు."

ఒకసారి నేను ఆయన బండి వెనక కూర్చుని ఒక కళ్లానికి వెళ్లాను. మా చెల్లెలి ఊరు ఆ దారే, దింపుతానన్నాడు. మధ్యలో కళ్లం కనపడితే ఇంకేముంది, బండి ఆగిపోయింది. తోటగల ఆసామి తెల్ల చొక్కా వేసుకుని, కాయల రాశి పక్కన నడుం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఈయన కెమెరా తీసి, చాలాసేపు చూసి, "మామా, నువ్వు కాస్త పక్కకి జరుగు," అన్నాడు.

ఆసామి రెండడుగులు జరిగాడు.

"ఇంకొంచెం."

"ఇంకొంచెం జరిగితే రోడ్డు మీదుంటాను గదయ్యా!"

"రోడ్డు మీద ఉండు. నీ వెనక తాలుకాయలు ఏరతందే ఆ పెద్దామె, ఆమె కావాల నాకు."

"తోట నాది!"

"తోట నీదే మామా. ఫోటో నాది."

ఆసామి మొహం మాడిపోయింది. నేను నవ్వాపుకోలేక బండి చాటుకి పోయాను. అప్పుడైనా నొక్కాడా? నొక్కలేదు. ఆ పెద్దామె తనని తీస్తున్నారని బిగుసుకుపోయింది. "నన్ను చూడబాక, నీ పని చూసుకో," అని గట్టు మీద కూర్చున్నాడు. ఆమె మర్చిపోయేదాకా కూర్చున్నాడు. మా చెల్లెలు నాకు వండిన అన్నం చల్లారిపోయింది. ఒక్కసారి నొక్కి లేచాడు. "పద."

ఫోటోలో ఉన్న ప్రతి మనిషికీ ఒక కాపీ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవాడు. దాని వెనక పెన్సిలుతో ఏ ఊరి పొలమో, ఏ పంటో, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాసేవాడు. ఉద్యోగం నేర్పిన అలవాటు అది. లైను చూసి వచ్చాక రిజిస్టర్లో 'సప్లై ఉంది' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలట. "రాసి సంతకం పెడితేనే ఉన్నట్టు. నోటి మాటకి ఉన్నట్టు గాదు," అనేవాడు.

కొన్నిటికి ఫ్రేము కట్టించడానికి నా దగ్గరికి తెచ్చేవాడు. మధ్యాహ్నం పూట వచ్చేవాడు. గుడ్డ సంచిలోంచి రెండు అట్టల మధ్య పెట్టిన ఫోటో తీసి, కౌంటరు మీద తలకిందులుగా పెట్టి చూసేవాడు. మొదటిసారి నేను పాపం పెద్దాయన చూసుకోలేదని సరిగ్గా తిప్పాను. చెయ్యి మీద ఒక్కటేశాడు. "తిప్పబాక. తలకిందులుగా చూస్తేనే వెలుగు ఎట్టా పడిందో తెలుసుద్ది." తర్వాత మొదలయ్యేది మా పోట్లాట. నేను ఫ్రేముకి బంగారు రంగు పూల బీడింగు చూపించేదాన్ని, ఆయన సన్న నల్ల బీడింగు కావాలనేవాడు.

"లోపల నలుపు, బయట నలుపు. ఏంది అన్నయ్యా ఇది, ఫోటోనా తద్దినమా?"

"నీ బంగారం పెళ్లోళ్లకి అమ్ముకో. నాకు మనిషి కనపడాల."

మిరప కోత ఫోటోలతో ఒక చిక్కు ఉంది. ఘాటు తట్టుకోలేక కోతకొచ్చే ఆడవాళ్లు చీర మీద మొగుడి ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు. నెత్తికీ మూతికీ తువ్వాలు చుట్టేసుకుంటారు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. వరసలో పదిమంది ఉంటే పదిమందీ ఒక్కటే.

"మొహాలు లేని ఫోటోలు ఎవరికన్నయ్యా?" అని నేనే ఒకసారి అడిగాను.

"చేతులున్నయ్ గదా. చేతులు చూడు. నిలబడే తీరు చూడు. నేను ఏ ఊరి కూలోళ్లనైనా చెప్పగలను, మొహంతో పనేముంది?"

అది ఆయన గర్వం. మిగతా విషయాల్లో గర్వం లేని మనిషే, ఈ ఒక్కదాంట్లో ఉండేది. దెబ్బ కూడా అక్కడే తగిలింది. ఆ దెబ్బలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇదంతా చెప్తున్నాను.

ఒక ఏడాది కోతలు అయిపోయే రోజుల్లో కోటమ్మ అనే ఆవిడ పోయింది. సైదమ్మ ఊరే, ఇద్దరూ ఒకే ముఠాలో కోతకు వెళ్లేవాళ్లు. కోటమ్మ మొగుడు అంతకు ముందే పోయాడు. ఒక్కతే కూతురు, శ్రీలక్ష్మి, నూజెండ్లలో ఇచ్చారు. ఆ పిల్ల లైన్‌మన్ ఇంటికి వెళ్లి పట్టుకుంది, ఆయన ఆమెని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చాడు. ఎల్లుండి పెద్దకర్మ. తల్లి ఫోటో లేదు.

"ఒక్కటన్నా లేకపోవడం ఏంది?" అన్నాను.

లేదట. కోటమ్మకి పైపళ్లు ఎత్తు. ఫోటో అంటే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగేది. కూతురి పెళ్లి ఆల్బంలో కూడా సగం చెవీ, కొంగూ ఉన్నాయి. ఆధార్ కార్డు మీదున్నది పెద్దది చేయిస్తే దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిలా వచ్చింది. "అది పెట్టి దణ్ణం పెట్టమంటే నా వల్ల గాదు అక్కా," అని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన దగ్గర ఆ ముఠాని తీసిన రీలు ఒకటుంది. చిన్న చిన్న ఫోటోలన్నీ ఒకే కాగితం మీద కడిగి తెచ్చాడు. శ్రీలక్ష్మి భూతద్దం పెట్టి చూస్తూ చూస్తూ ఒక దాని దగ్గర ఆగిపోయింది. మిరప చాళ్ల మధ్య ఒకావిడ నిలబడి ఉంది. నడుముకి గోతం కట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, సూటిగా కెమెరాలోకి చూస్తోంది. గళ్ల చొక్కా. తువ్వాలు చుట్టిన మొహంలో రెండు కళ్లు.

"ఇదే అమ్మ! ఇది మా నాన్న చొక్కా. నాన్న పోయినాక అమ్మ కోతకి ఇదే ఏసుకునేది."

ఆయన వెంటనే ఔననలేదు. ఫోటోని తలకిందులు చేసి చూశాడు. "చొక్కా రంగేందమ్మా?"

"ఆకుపచ్చ గళ్లు."

ఫోటోలో గళ్లు బూడిద రంగులో ఉన్నాయి. ఆయన ఇంకాసేపు చూసి, "ఆ రోజు పేర్లు రాసుకోలా," అన్నాడు. "తీస్తుండగా వాన పడింది. అందరం కళ్లం మీద పట్టాలు కప్పడానికి ఉరికాం. ఒక్కరోజు ఆగు, ముఠా మేస్త్రిని అడిగొస్తా."

అప్పుడు నేను నోరు పెట్టాను. "ఏందన్నయ్యా నువ్వు! కన్నతల్లిని కూతురు గుర్తుపట్టలేదా? ఎల్లుండి కర్మ పెట్టుకుని రేపటికి ఆగమంటావా? నేను ఫ్రేము ఎప్పుడు కట్టాల?"

ఆయన నా మాట కాదనలేకపోయాడో, ఆ పిల్ల ఏడుపు చూడలేకపోయాడో, సరేనన్నాడు. ఆ సాయంత్రానికి పెద్దది కడిగి తెచ్చాడు. వెనక 'కోటమ్మ' అని రాసి ఇచ్చాడు. నేను ఇదే సందు అని బంగారు బీడింగు వేశాను. ఆయన అదే తీసుకెళ్లి ఆ పిల్లకిచ్చాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే కొట్టు తీస్తున్నాను. ఆయన బండి వచ్చి ఆగింది, వెనక ఒకావిడ ఉంది. దిగీ దిగగానే నా మీద పడింది.

"ఏమే, నీ చేతులు పడిపోను! నన్ను బతికుండగానే సంపి దండేశారు గదే!"

ఆవిడే సైదమ్మ. అప్పటిదాకా నేనామెని చూసింది లేదు. ఆయనకేసి చూశాను. ఆయన తల దించుకుని ఉన్నాడు.

కర్మ అన్నం తినడానికి వెళ్లిందట. చెయ్యి కడుక్కుని లోపలికెళ్లి ఫోటోకి దణ్ణం పెట్టబోయి, ఆగిపోయిందట. ముందు విస్తరి, దీపం, దండ. దండ వెనక ఎవరా అంటే తనే. చేతి సంచిలోంచి చొక్కా తీసి నా కౌంటరు మీద పరిచింది. ఎర్ర గళ్ల చొక్కా. మెడ దగ్గర గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకుంది. నేను ఆ చిన్న ఫోటోల కాగితం తీసి భూతద్దం పెట్టాను. పిన్నీసు ఉంది. మొన్న ముగ్గురం చూశాం, ఎవరి కంటికీ అది ఆనలేదు.

ఎరుపు గళ్లు, ఆకుపచ్చ గళ్లు. రంగు తీసేస్తే రెండూ ఒకటే బూడిద.

ఆయన చొక్కా అంచు పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు. "ఎర్రటిది ఎవుడైనా చూస్తాడని జనానికి చెప్పి చెప్పి, నేనే చూడకుండా పోయా," అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

సైదమ్మ అరుపు తగ్గాక అసలు భయం బయటపడింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఒళ్లు కాలిపోయిందట. "బతికున్న మనిషికి దండేస్తే ఉంటదా? విస్తరి గూడా పెట్టిరి. నా కోడలు నీళ్లోసుకుంది అన్నయ్యా, ఆరో నెల. ఆ బిడ్డనెత్తుకోకుండానే పోతానా?"

"ఫోటో తీయించేస్తే సరి," అన్నాను.

"ఎట్టా తీపిస్తావే? ఆ పిల్ల ఆ ఫోటో కాళ్ల కాడ తల పెట్టి ఏడస్తంది. దానికింకేముంది? తీసేయమని నేను నోరు తెరిచి అడగలేను, అది అక్కడుంటే నేను బతకలేను."

అప్పటికి శ్రీలక్ష్మి ఫోటో తీసుకుని నూజెండ్ల వెళ్లిపోయింది. నేను సలహా ఇచ్చాను. ఎవరికీ చెప్పొద్దు, ఆ పిల్లకి అమ్మే అనుకోనీ, సైదమ్మకి దిష్టి తీయించి తాయెత్తు కట్టిద్దాం అని. ఆయన నన్ను అంత కోపంగా చూడడం అదే మొదలు, అదే చివర.

"నా రాత ఉంది దాని వెనక. కోటమ్మ అని రాశా. అది తప్పు. లైను చచ్చిపోయిందని రాస్తే చచ్చినట్టు, ఉందని రాస్తే ఉన్నట్టు. తప్పు రాసి ఊరుకుంటే మనుషులు పోతారు అమ్మాయ్."

"ఆ పిల్లకి ఉత్త చేతుల్తో చెప్తావా మరి?"

ఉత్త చేతులతో వెళ్లకూడదని ఆయన పాత రీళ్లల్లో కోటమ్మ కోసం వెతకడం మొదలుపెట్టాడు. మూడు వారాలు. నేను ఒకరోజు కూర పట్టుకుని వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని, నెగటివ్ ముక్కలు ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి భూతద్దంతో చూస్తున్నాడు. చుట్టూ బిస్కెట్ల డబ్బాల నిండా రీళ్లు. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయాయి. వాళ్లావిడ తిట్టడం కూడా మానేసింది. స్నానాల గది ఖాళీగానే ఉందని ఆవిడే దిగులుగా చెప్పింది.

నాలుగో వారం కొట్టుకొచ్చి, చిన్న ఫోటో ఒకటి కౌంటరు మీద పెట్టాడు. ఈసారి తలకిందులుగా పెట్టలేదు. కళ్లం పక్కన ఆడవాళ్లు అన్నాలు తింటున్నారు. ఒక మూలన, ఇంచుమించు ఫోటో అంచులో, ఒకావిడ తువ్వాలు మెడలోకి జార్చి, తల వెనక్కి వేసి నవ్వుతోంది. నోరంతా తెరిచి, పళ్లన్నీ కనపడేటట్టు.

"ఈమే కోటమ్మ అని ఎట్టా తెలుసు? మళ్లీ చొక్కా చూసేనా?"

"కాదు. నేను నొక్కిన చప్పుడు వినపడి ఉరుక్కుంటా వచ్చింది. 'అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, అది కడగబాక' అంది. సరేనన్నా. అందుకే కడగలా. ఆ మాట గుర్తొచ్చి వెతికా." ఫోటోని నా వైపు జరిపి, "మాటిచ్చా అమ్మాయ్," అన్నాడు.

"కడిగేశావు గదా," అన్నాను.

ఆయనా, నేనూ, సైదమ్మా ముగ్గురం నూజెండ్ల వెళ్లాం. శ్రీలక్ష్మి ఇంట్లో ముందుగదిలోనే ఉంది నా బంగారు ఫ్రేము, గంధపు దండతో. ఆ పిల్ల మంచినీళ్లిచ్చి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు, నీళ్లూ తాగలేదు.

"అమ్మా, ఆ ఫోటోలో ఉంది మీ అమ్మ గాదు. తప్పు నాది."

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. అప్పుడు సైదమ్మ సంచిలోంచి ఎర్ర గళ్ల చొక్కా తీసి చీర మీద వేసుకుంది. తువ్వాలు మూతికి చుట్టుకుంది. వెళ్లి ఆ ఫోటో కింద, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఒకే మనిషి. శ్రీలక్ష్మి గోడకి ఆనుకుని కిందకి జారిపోయింది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. కన్నతల్లిని గుర్తుపట్టలేదా అని ఆ పిల్ల ముందే అన్నదాన్ని నేను.

ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని చిన్న ఫోటో చేతికిచ్చాడు. "ఇది మీ అమ్మ. కడగొద్దని నా దగ్గర మాట తీసుకుంది. నేను కడిగా. ఆ తప్పు గూడా నాదే."

ఆ పిల్ల చూస్తూనే ఉంది. "అమ్మ ఇట్టా నవ్వుద్దా?" అంది. "నేనెప్పుడూ చూళ్లా. నా ముందు గూడా కొంగడ్డం పెట్టుకునేది." ఆ పిల్లకీ పైపళ్లు కొంచెం ఎత్తే, అప్పుడే గమనించాను. అలవాటుగా చెయ్యి నోటి దాకా వెళ్లి, మళ్లీ కిందకి దిగింది.

ఫ్రేము తనే దించింది. దండ తీసి పక్కన పెట్టి, సైదమ్మకి ఇవ్వబోయింది. సైదమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు. దండపడ్డ ఫోటో నా ఇంట్లోకి రాకూడదు. బయట పారేసినా నాకే చేటు."

ఆయన ఫ్రేము తీసుకుని నేల మీద కూర్చున్నాడు. బోర్లా తిప్పాడు. ఫోటో వెనక రాసింది అట్ట లోపల ఉండిపోయింది, అందుకని జేబులోంచి బాల్‌పెన్ను తీసి అట్ట మీద 'కోటమ్మ' అని రాసి, అడ్డంగా కొట్టేశాడు. కింద 'సైదమ్మ' అని రాశాడు. దాని కింద 'తప్పు నాది' అని రాశాడు. తర్వాత సైదమ్మని దగ్గరికి రమ్మని, "చెయ్యి చూపించు," అన్నాడు. ఆమె చూపించింది. అరచేతులు మిరప కాయల ఘాటుకి పొక్కి, ఎర్రగా ఉన్నాయి. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, అట్ట మీద 'ఉంది' అని రాశాడు. తేదీ వేసి, సంతకం పెట్టాడు.

"లైను చూసి రాశా. నేను రాస్తే ఉన్నట్టే. ప్రతి ఏడూ కోతలైనాక వచ్చి చూసి రాస్తా. నీకేం గాదు."

సైదమ్మ అప్పటికి ఆ ఫ్రేముని ముట్టుకుంది. నేను దాన్ని తెచ్చి, బంగారు బీడింగు పీకేసి, ఆయన అడగకుండానే సన్న నల్లది వేశాను. కోటమ్మ నవ్వుకి కూడా అదే వేశాను.

ఆయన మాట తప్పలేదు. ప్రతి ఏడూ ఆఖరి కోత అయ్యాక సైదమ్మ ఇంటికి వెళ్లి, తలెత్తి సర్వీసు వైరు చూసి, గోడ మీంచి ఫ్రేము దించి, ఆమె చేతులు చూసి, 'ఉంది' అని రాసేవాడు. మనవడు పుట్టాడు, నడిచాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు. సైదమ్మ కూడా ధైర్యం వచ్చి హాస్యాలాడేది. "ఈ ఏడు గూడా పోలేదయ్యో, రాసుకో," అనేదని ఆయనే చెప్పి నవ్వేవాడు.

నా కౌంటరు మీద ఇప్పుడు ఆ అట్టే ఉంది. కొట్టేసిన కోటమ్మ, సైదమ్మ, తప్పు నాది. దాని కింద వరసగా ఆరు 'ఉంది'లు, ఆరు తేదీలు, ఆరు సంతకాలు. ఆఖరిది పక్కకు వాలిపోయింది. దాని కింద ఖాళీ.

తలెత్తి సైదమ్మని చూశాను.

"కోతలైపోయినయ్," అంది.

"అద్దం మార్చాలన్నావు?"

"అద్దానికేమొచ్చిందే? నిక్షేపంగా ఉంది."

"నేను లైన్‌మన్ని గాదు గదా వదినా," అన్నాను.

"ఆ తప్పులో నువ్వు గూడా ఉన్నావు గదా. రాయి."

పెన్ను తీసుకున్నాను. రాయబోయి ఆగి, "చెయ్యి చూపించు," అన్నాను. ఆమె రెండు చేతులూ కౌంటరు మీద చాపింది. ఎర్రగా ఉన్నాయి, పొక్కి ఉన్నాయి. బొటనవేలి గోరు చీలి ఉంది. తిప్పి తిప్పి చూశాను. ఆయన రాత కింద 'ఉంది' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

"ఆయన రాసినట్టే రాశావా?"

"ఆయన రాసినట్టే రాశాను."

సైదమ్మ ఫ్రేముని తువ్వాల్లో చుట్టుకుని లేచింది. క్రోసూరు బస్సు వచ్చి ఆగి ఉంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేకేశాను.

"వచ్చే ఏడు నువ్వు రాబాక వదినా. ఆ ఎండన పడి ఎందుకు, నేనే వస్తా."